నీళ్లు ఎక్కడ చెడుతున్నాయో పట్టుకోవడం ఎలా?

నీటి పరీక్షల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. సీసా పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "ఇవి తాగొచ్చా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎక్కడ పట్టారు?" వంటింటి కుళాయి దగ్గర పట్టిన ఒక్క సీసా నీళ్లు చెడ్డాయని చెబుతుంది గాని, ఎక్కడ చెడ్డాయో చెప్పదు. ఆ చోటు తెలియకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా రోగం మళ్లీ వస్తుంది.

అందుకని మూడు సీసాలు పట్టండి. ఒకటి బయటి పైపు మీ ఇంట్లోకి వచ్చే చోట, లేదా బోరు దగ్గర. రెండోది సంపు నుంచో పైన ఉన్న ట్యాంకు నుంచో. మూడోది మీరు ముంచుకుని తాగే పాత్రలోంచి. కుళాయి మూతిని శుభ్రంగా తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేశాక పట్టాలి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. ల్యాబ్‌కి ఆరు గంటల్లో చేరితే మంచిది, అందాకా చల్లగా ఉంచండి. ఇంట్లోనే ముందుగా చూసుకోవాలంటే హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసాలు దొరుకుతాయి. గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే మలం కలిసిందని గట్టిగా అనుమానించి ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకి ఒక్క ఇ.కోలి (మలంలో ఉండే బాక్టీరియా) కూడా ఉండకూడదు.

బయటి సీసా బాగుండి రెండోది నల్లబడిందా? దోషం మీ సంపులోనో ట్యాంకులోనో ఉంది. ఒక ఇంట్లో పిల్లలిద్దరికీ విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేవి. సంపు ఖాళీ చేయించి టార్చి వేసి చూశాం. ఒక మూల వెంట్రుకంత చీలిక, చుట్టూ అరచెయ్యంత చెమ్మ, తాకితే జిగురు. ఆ గోడకి అవతలే సెప్టిక్ ట్యాంకు. సంపు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు బయటికి ఊరేవి, అడుగంటినప్పుడు బయటి మురుగు లోపలికి ఊరేది. ఇది కనిపెట్టడానికి పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. రాత్రి సంపు నింపి, వచ్చే వాల్వూ పోయే వాల్వూ రెండూ కట్టేసి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. పొద్దున మట్టం గీత కిందికి దిగిందంటే చీలిక ఉన్నట్టే. మూత నేలకి సమానంగా ఉంటే వాన నీళ్లు లోపలికి జారతాయి, కాబట్టి దాన్ని కొంచెం ఎత్తు చేయించండి. పైట్యాంకుకైతే ఓవర్‌ఫ్లో పైపు మూతికి జాలీ తప్పనిసరి. పక్షులూ బల్లులూ దూరేది అక్కడినుంచే.

సరఫరా నీళ్లు వచ్చే ఇంట్లో బయటి సీసాయే నల్లబడిందంటే సాధారణంగా కారణం పైపులు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, పగుళ్లలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి లాగేసుకుంటుంది. అందుకే నీళ్లు వదలగానే వచ్చే మొదటి నీళ్లు తాగడానికి పట్టకండి. సరఫరా నీళ్లలో క్లోరిన్ కనీసం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. అంతకన్నా తగ్గిందంటే దారిలో ఏదో దాన్ని తినేస్తూ ఉండొచ్చు.

మూడో సీసా ఒక్కటే చెడితే సాధారణంగా కారణం చెయ్యి. పాత్రలో చెయ్యి ముంచకుండా పొడవు కాడ ఉన్న గరిటె వాడితే సరిపోతుంది.

రంగునీ రుచినీ మాత్రం నమ్మకండి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ల రుచి నచ్చి, దూరాన ఉంటూ కూడా తెప్పించుకు తాగిన ఒకావిడ కలరాతో చనిపోయింది. ఆ బావి పక్కన మలగుంత కారుతోందని తర్వాత తవ్వి చూస్తే తేలింది.

మరిగిస్తే క్రిములు చస్తాయి. తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు, 2000 మీటర్లకి మించిన ఎత్తులో మూడు నిమిషాలు. కానీ ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ మరిగిస్తే పోవు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడతాయి. మొదటి రెండూ బోరు కింది రాళ్లలోంచే రావచ్చు, నైట్రేట్ ఎక్కువగా ఎరువులనుంచీ సెప్టిక్ ట్యాంకులనుంచీ వస్తుంది. డబ్బా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో నైట్రేట్ పరీక్ష వాయిదా వేయొద్దు. రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది.

సీసం (లెడ్ అనే లోహం) విషయంలో నీళ్లు పట్టే పద్ధతి తిరగబడుతుంది. పాత పైపులూ అతుకులూ ఉంటే, రాత్రంతా కుళాయి ముట్టకుండా పొద్దున వచ్చే మొదటి నీళ్లే పట్టాలి. వదిలేసి పట్టారంటే సీసం కొట్టుకుపోయి రిపోర్టు బాగున్నట్టు వస్తుంది. ఇది తెలియక మోసపోయినవాళ్లని చాలామందిని చూశాను.

మరమ్మతు అయ్యాక సంపు కడిగి, క్లోరిన్ వేసి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపండి. వారం ఆగి అవే మూడు చోట్ల పట్టండి. ఆ తర్వాత మొదటి పెద్ద వాన పడ్డాక ఇంకోసారి.