పిల్లలకు తెలుగు వాక్యాలు – 5: ‘నేను జ్వరం వచ్చాను’

పోయిన పాఠంలోని ‘నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వాడు వచ్చాడు’ పిల్లలకు బాగా పట్టుబడింది. మరీ బాగా పట్టుబడిందని మీ ఉత్తరాలు చూస్తే అర్థమైంది. ‘నేను జ్వరం వచ్చాను’ అంటున్నారట. ఇంకొకరింట్లో ‘అమ్మా, నేను నిద్ర వస్తున్నాను’. నవ్వకండి. ‘నేను’ ఉంటే చివర ‘ను’ రావాలని మనమే కదా వల్లె వేయించాం! పైగా బళ్ళో ‘ఐ గాట్ ఫీవర్’ అంటారు, ఆ ‘ఐ’ తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు.

అందుకని ‘వస్తాను, వస్తావు’ ఈసారికి మానేద్దాం. అవి ఇంట్లో రోజూ చెవిన పడేవే.

జ్వరం సంగతి చూద్దాం. వచ్చిందేమిటి? జ్వరం. ఎవరికి? నాకు. ఈ రెండు ప్రశ్నలూ ఇదే వరసలో అడగండి. వచ్చినదాన్ని బట్టే క్రియ మారుతుంది, ‘నాకు’ని బట్టి కాదు. కి, కు షష్ఠీ విభక్తి అని మాత్రం మొదలుపెట్టకండి. ఏడేళ్ళ పిల్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నాకు కోపం వచ్చింది.
తమ్ముడికి ఏడుపొచ్చింది.
తాతయ్యకు దగ్గొస్తోంది.
నీకు నిద్రొస్తోందా?

ఇక్కడితో ఆపితే ‘నాకు’ పక్కన ఎప్పుడూ ‘వచ్చింది’ అని బట్టీ కొట్టేస్తారు. అందుకే నేను వెంటనే ఎక్కిళ్ళు తెస్తాను. ‘నాకు ఎక్కిళ్ళు వచ్చాయి.’ నేను ఒక్కణ్ణే, మరి ‘వచ్చాయి’ ఎందుకు? వచ్చినవి ఎక్కిళ్ళు, ఒకటి కాదు. తుమ్ములు వచ్చాయి, ఆవలింతలు వచ్చాయి, చెల్లికి కొత్త పళ్ళు వచ్చాయి, అన్నయ్యకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి, దోమ కుట్టి నాకు దద్దుర్లు వచ్చాయి. మనుషులైతే ‘వచ్చారు’: మా ఇంటికి చుట్టాలొచ్చారు. ఎక్కిళ్ళ వాక్యం తప్పు లేకుండా చెప్పిన పిల్ల ఇక జ్వరం దగ్గర తడబడదు.

తెలంగాణ ఇళ్ళలో ‘నేనొచ్చిన, వాడొచ్చిండు’ అంటుంటే అలాగే నేర్పండి, నా ‘వచ్చాను, వచ్చాడు’లోకి మార్చకండి.

‘నాకు ఈత వచ్చు’లోని ‘వచ్చు’ మాత్రం ఎవరికైనా మారదు. రాకపోతే ‘రాదు’. బస్సు కోసం చూసి చూసి విసిగినప్పుడు ‘రాలేదు’. ‘నాకు ఆకలి వచ్చింది’ అన్నా ఇప్పుడే దిద్దొద్దు. ఆకలి, దాహం, చలి ‘వేస్తాయి’. వచ్చే పాఠం వాటిదే.

అభ్యాసం: నిన్నటి రోజు గురించి పది వాక్యాలు రాయించండి. ప్రతి వాక్యంలో ‘రావడం’ అనే క్రియ ఏదో ఒక రూపంలో ఉండాలి. వచ్చినది ఏ రెండింట్లోనూ ఒకటే కాకూడదు. మూడింట్లో ‘వచ్చాయి’ తప్పనిసరి. ‘నేను’ అన్న మాట ఒక్క వాక్యంలోనే రావాలి, అదీ తను నిజంగా నడిచి ఇంటికొచ్చిన వాక్యంలో.