రెండు రెక్కల యుద్ధవిమానం మోడల్‌కి తీగలు కట్టడం ఎట్టా?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానం కిట్ కొన్నవాళ్లు రంగుల దాకా బాగానే వస్తారు, తీగల దగ్గర చేతులెత్తేస్తారు. పై రెక్క అతికించేసిన తర్వాత గానీ వాళ్లకి తీగల సంగతి గుర్తుకు రాదు. అప్పటికి రెండు రెక్కల మధ్య డ్రిల్ దూరదు, పట్టకారు తిరగదు, ఎక్కడ తగిలినా ఒక స్ట్రట్ (పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య నిలబెట్టే సన్నటి గుంజ) ఊడి చేతికొస్తుంది. బిగించడం ఆఖర్నే అయినా, తీగల పని మాత్రం డబ్బా విప్పిన రోజే మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. అసలు విమానంలో చెక్కా గుడ్డా కలిపి చేసిన రెక్కల్ని తీగలే నిలబెట్టేవి. మోడల్‌లో ఆ పని జిగురు చేస్తుంది, తీగ చూపుకే. వంకరగా అతుక్కున్న రెక్కని తీగతో లాగి సరిచేద్దామనుకుంటే, అది సరికాదు సరికదా, బాగున్న రెండో రెక్క కూడా వంగుతుంది. కాబట్టి తీగ మొదలయ్యే వేళకి రెక్కలు వాటంతటవే నిక్కచ్చిగా నిలబడి ఉండాలి.

మొదటి ప్రయత్నానికి 1/48 స్కేల్‌లో, అంటే అసలుదానిలో 48వ వంతు సైజులో, ఎస్.ఇ.5ఎ అనే బ్రిటిష్ యుద్ధవిమానం మంచిది. ఎడువార్డ్ (Eduard) అనే కంపెనీ వాళ్ల కిట్ ఉంది. ఒక్కో పక్క రెక్కల మధ్య ఒకే జత స్ట్రట్లు, పైభాగమంతా దాదాపు ఒకటే రంగు, ఇంజన్ మూతల కింద దాగి ఉంటుంది గనక సిలిండర్లతో కుస్తీ లేదు. అసలు విమానం రెక్కల పొడవు 8.11 మీటర్లు. అంటే మోడల్ 169 మి.మీ., పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు కంటే కాస్త పెద్దది. 1/72లో అయితే 113 మి.మీ. వస్తుంది, చెయ్యి తిరిగాక దాని జోలికి పోవచ్చు. ఇంద్రలాల్ రాయ్ నడిపింది ఈ రకం విమానమే. బ్రిటిష్ 40వ స్క్వాడ్రన్‌లో ఉంటూ 1918 జులై 6 నుంచి 19 లోపల 10 విజయాలు సాధించి, 22వ తేదీన పంతొమ్మిదేళ్ల వయసులో ప్రాణం వదిలిన కలకత్తా కుర్రాడు. మన అలమరలో పెట్టుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఏ తీగ ఏం చేస్తుంది

పేర్లు కంఠతా పట్టక్కర్లేదు గానీ పని తెలిస్తే తప్పుగా కట్టరు. ల్యాండింగ్ వైర్లు ఉట్టి తాళ్లలాంటివి. విమానం నేలమీద ఉన్నప్పుడు రెక్క బరువుని మోస్తాయి. పై రెక్క నడిమి నుంచి బయటి స్ట్రట్ అడుగుకి దిగుతాయి. ఫ్లయింగ్ వైర్లు షామియానా తాళ్లలాంటివి. గాలికి రెక్క పైకి లేచిపోకుండా కిందికి పట్టి ఉంచుతాయి. కింది రెక్క మొదలు నుంచి బయటి స్ట్రట్ తలకి ఎక్కుతాయి. ఎగిరేటప్పుడు భారమంతా వీటి మీదే గనక వీటిని జంటలుగా వేసేవాళ్లు. ముందు స్ట్రట్‌కీ వెనక స్ట్రట్‌కీ మధ్య అడ్డంగా ఇంటూ గుర్తులా ఉండేవి ఇన్సిడెన్స్ వైర్లు. ఒక పక్కకి లెక్కేస్తే ల్యాండింగ్ 2, ఫ్లయింగ్ 4, ఇన్సిడెన్స్ 2. ఇవి కాక తోకకీ చక్రాల కాళ్లకీ ఉండేవీ, కంట్రోలు తీగలూ వేరు. కిట్‌లోని తీగల పటాన్ని జిరాక్స్ తీయించి, కట్టిన తీగనల్లా ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోండి. లేకపోతే సగంలో ఏది కట్టామో ఏది వదిలామో తెలీదు.

సామాను

కిట్టూ రంగులూ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. ఎండాకాలంలో పార్శిల్ వ్యానులో ఉడికి రెక్క కాస్త వంగి రావచ్చు. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో, మరిగే నీళ్లలో మాత్రం కాదు, అర నిమిషం ముంచి, రెండు గాజు పలకల మధ్య చల్లారనిస్తే సాపవుతుంది.

మిగతాదంతా నెల్లూరులోనో ఒంగోలులోనో తిరిగితే దొరుకుతుంది. పిన్ వైసు (సన్న బిట్‌ని బిగించి వేళ్లతో తిప్పే పిడి), 0.3, 0.4 మి.మీ. డ్రిల్ బిట్లు, సన్నమూతి పట్టకారు కంసాలి పనిముట్లు అమ్మే కొట్లలో అడగండి. 0.3 బిట్లు ఒకటి కాదు, ఐదు కొనండి. మూడు విరగడం ఖాయం. జిగురుకి ప్లాస్టిక్‌ని కరిగించి అతికే పల్చటి సిమెంటు ఒకటి, ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూలో చిక్కటి జెల్ రకం ఒకటి కావాలి.

అసలు తేల్చుకోవాల్సింది దారం. ఆ కాలపు బ్రిటిష్ తీగలు గుండ్రటివి కావు, గాలిని కోసుకుపోయేలా పట్టీగా ఉండేవి. వెడల్పు 6 మి.మీ. అనుకుంటే 1/48లో 0.125 మి.మీ., 1/72లో 0.08 అవుతుంది. చేపల గాలాల కొట్లో దొరికే తంగూసు మామూలుగా అంతకంటే లావుగా ఉంటుంది; మోడల్ మీద అది కొబ్బరితాడులా కనిపిస్తుంది. మగ్గం వర్క్ సామాన్ల కొట్లో పూసలు గుచ్చే పారదర్శక నైలాన్ దారం సన్నగా ఉంటుంది, 0.10 నుంచి 0.12 రకం అడగండి.

అయితే నైలాన్‌తో మన వైపు ఒక చిక్కుంది. నైలాన్ గాల్లోని తేమని పీల్చుకుని కొద్దిగా సాగుతుంది. మే నెలలో వీణ తీగలా బిగించిన దారం కార్తీక మాసం వానలకి వేలాడుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో మరీను. అందుకే రెండు దారులు: నీరు దాదాపు పీల్చని ఫ్లోరోకార్బన్ దారం, లేదా ఈజీ లైన్ లాంటి సాగే దారం. మొదటిసారి కట్టేవాళ్లకి సాగే దారమే మేలు. వేలు తగిలినా తెగదు, మళ్లీ బిగుసుకుంటుంది. సన్న రకం సుమారు 0.15 మి.మీ. ఉంటుంది, 1/48కి పనికొస్తుంది. ఈ పద్ధతంతా దానికే చెబుతున్నాం.

బెజ్జాలు

రెక్కలు విడిగా బల్లమీద ఉన్నప్పుడే బెజ్జాలన్నీ వేసేయాలి. ముందు కుట్టుసూదితో చిన్న గుంట పొడవండి. నున్నటి ప్లాస్టిక్ మీద బిట్ జారిపోకుండా అదే ఆపుతుంది. తీగ ఏ వాలులో వెళ్తుందో బిట్‌ని అదే వాలులో పట్టుకోవాలి. నిటారుగా వేస్తే దారం బెజ్జం అంచు దగ్గర మడతపడి, తీగ వంగినట్టు కనిపిస్తుంది. లోతు 1 మి.మీ. చాలు. బిట్ కొననుంచి మిల్లీమీటరు వదిలి మాస్కింగ్ టేపు ముక్క జెండాలా చుడితే, జెండా రెక్కని తాకినప్పుడు ఆపేయొచ్చు, అటువైపు పొడుచుకు రాదు. వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. తొందరపడితే ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడి బిట్‌ని పట్టేస్తుంది. విరిగిన ముక్క బెజ్జంలోనే ఉండిపోతుంది.

జంట తీగలకి రెండు బెజ్జాలు కనీసం 0.7 మి.మీ. ఎడంగా ఉండాలి. అంతకంటే దగ్గరైతే రెండూ కలిసి ఒక పెద్ద గుంటవుతుంది. 1/72లో జంటకి బదులు ఒక్కటే వేసినా ఎవరూ అడగరు.

రంగు

రెక్కలు కలపకముందే రంగు, డెకాళ్లు (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల బొమ్మలు), వార్నిష్ అన్నీ అయిపోవాలి. ఎస్.ఇ.5ఎ పైభాగం పీసీ10 అనే ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమరంగు. టమియా కంపెనీ రంగుల్లో ఎక్స్‌ఎఫ్-62 నాలుగు పాళ్లకి ఎక్స్‌ఎఫ్-10 ఒక పాలు కలిపితే దగ్గరగా వస్తుంది. అడుగుభాగం రంగులేని గుడ్డ, దానికి ఎక్స్‌ఎఫ్-55. స్ట్రట్లు అతికే చోట రంగు గోకేయండి, సిమెంటు రంగు మీద పట్టదు. వాన పట్టిన రోజున లాకర్ వార్నిష్ కొట్టకండి. ఆరేటప్పుడు తేమ చేరి బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. రంగంతా అయ్యాక అదే 0.3 బిట్‌ని వేళ్ల మధ్య పట్టుకుని ప్రతి బెజ్జంలోనూ రెండు చుట్లు తిప్పాలి. సగం బెజ్జాలు రంగుతో పూడుకుపోయి ఉంటాయి.

పై రెక్క

దీనికి చట్రం లేకుండా దిగొద్దు. కిట్ కాగితంలో విమానాన్ని ఎదురుగా చూపించే బొమ్మని మోడల్ కొలతకి ప్రింటు తీసి, దాని ప్రకారం గట్టి పెళ్లిపత్రిక అట్టతో నాలుగు నిలువు పలకలు కోయండి: రెండు కింది రెక్క కూర్చోడానికి, రెండు పై రెక్కని మోయడానికి. రెక్క వాలు రెండు పక్కలా సమానంగా రావాలంటే పలకల్ని జతగా పెట్టి ఒకేసారి కోయాలి. నడిమి పొట్టి స్ట్రట్లు నాలుగూ మొదట, బయటివి నాలుగూ తర్వాత. సిమెంటు వేసిన పది నిమిషాల దాకా అవి కదులుతాయి. ముందు నుంచీ పై నుంచీ చూసి సర్దే సమయం అదే. రెండు రెక్కల కొసల నుంచి తోక చివరికి దారం పెట్టి కొలవండి. రెండు కొలతలూ ఒక్కటైతేనే రెక్క నేరుగా ఉన్నట్టు. తర్వాత 24 గంటలు ముట్టుకోవద్దు.

ఒక తీగ, మొదటి నుంచి చివరిదాకా

మోడల్‌ని థర్మోకోల్ గుంటలో వెల్లకిలా పడుకోబెట్టండి. వెనక తెల్లకాగితం నిలబెడితే నల్లదారం కనిపిస్తుంది. ఫ్యాన్ కట్టేయాలి, లేకపోతే దారం కొస ఎటు ఎగిరిందో వెతుక్కోవడంతోనే సరి. నెల్లూరు ఎండలకి ఫ్యాన్ లేకుండా కూర్చోవాలంటే తెల్లారి ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా లేవడమే మార్గం.

జిగురు పెట్టడానికి కుట్టుసూది బెజ్జం పై అంచుని ఆకురాయితో అరగదీస్తే పంగలకర్రలాంటి కొస మిగులుతుంది. సూది మొనని చెక్కపుల్లకి గుచ్చి పిడి చేసుకోండి. ఆ పంగలో నిలిచే బొట్టే ఒక బెజ్జానికి సరిగ్గా సరిపోతుంది. జెల్‌ని ముందు పాత స్టీలు మూత మీద చుక్క వేసుకుని అందులోంచి తీసుకోవాలి.

దారం కొసని కొత్త బ్లేడుతో నిట్టనిలువుగా కోసి, బొట్టులో అద్ది, పట్టకారుతో మొదటి బెజ్జంలో పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు వదిలేయండి. తొందరపడి లాగితే కొస జిగురుతో సహా బయటికొస్తుంది. తర్వాత దారాన్ని సాగదీయకుండా రెండో బెజ్జం దాకా పరిచి, ఆ పొడవులో పదో వంతు తక్కువ దగ్గర కోయండి. 50 మి.మీ. ఎడానికి 45 దారం. కొసని జిగురులో అద్ది, లాగి, బెజ్జంలో పెట్టి, ఇరవై అంకెలు కదలకుండా పట్టుకోవాలి. ఈ దారం ఎన్నో రెట్లు సాగుతుంది, కానీ సాగుతుంది కదా అని సగానికి కోస్తే రెక్క కొస కిందికి లాక్కుపోతుంది, తీగ కూడా మరీ సన్నగిల్లుతుంది.

వరస లోపలి నుంచి బయటికి: నడిమి స్ట్రట్ల తీగలు, ఇన్సిడెన్స్, ల్యాండింగ్, చివర ఫ్లయింగ్. ఎడమ ఒకటి కడితే కుడి ఒకటి. ఒక పక్కే అన్నీ కట్టుకుంటూ పోతే ఆ పక్కకి మోడల్ మెలితిరుగుతుంది. రోజుకి ఎనిమిది తీగలకి మించితే చూపు అలిసి, కట్టినవి కూడా పాడుచేసుకుంటాం. ల్యాండింగ్, ఫ్లయింగ్ తీగలు ఒకదాన్నొకటి దాటే చోట రాపిడి తగలకుండా చాలా బ్రిటిష్ విమానాల్లో చిన్న బిళ్ల ఉండేది. అక్కడ సూదిమొనతో ఫెవికాల్ చుక్క పెట్టి, ఆరాక గోధుమరంగు అద్దితే చాలు.

ఇక తప్పులు. బెజ్జం చుట్టూ తెల్లటి పొగలా పట్టిందంటే సూపర్ గ్లూ ఆవిరి తేమతో కలిసి గట్టిపడి రాలిందన్నమాట. జిగురు ఎక్కువైనా, గాలాడని చోట చేసినా, ముసురు రోజైనా అదే గతి. మ్యాట్ వార్నిష్ కుంచెతో రాస్తే చాలావరకు కనపడదు. కారిన జిగురుని గోళ్లరంగు చెరిపే ద్రవంతో తుడవకండి. అందులో సాధారణంగా ఉండే అసిటోన్ జిగురుతోపాటు రెక్కని కూడా కరిగిస్తుంది. ఆరనిచ్చి బ్లేడు మొనతో లేపి, రంగు అద్దడమే. కట్టిన కొన్నాళ్లకి ఒక తీగ ఊడితే రెండు కొసలూ తీసేసి, బెజ్జంలోని పాత జిగురుని బిట్‌తో తవ్వి, కొత్త దారం వేయండి. పాత దారానికి అతుకు వేస్తే ముడి దూరం నుంచే తెలిసిపోతుంది.

పై రెక్క మీది లూయిస్ తుపాకీ, ప్రొపెల్లర్, ముందరి చిన్న అద్దం అన్ని తీగలూ అయ్యాకే పెట్టాలి. తుపాకీ పైకి పొడుచుకొస్తుంది గనక ముందే పెడితే వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు మొదట విరిగేది అదే. చక్రాల కాళ్ల మధ్య ఇంటూ తీగలు కూడా తుపాకీ పెట్టకముందే, మోడల్ ఇంకా వెల్లకిలా ఉండగానే కట్టేయండి. దుమ్ము పట్టకుండా గాజు పెట్టెలో పెట్టండి, పడమటి కిటికీ పక్కన మాత్రం వద్దు. దుమ్ము చేరితే గుడ్డ వాడకుండా మెత్తటి మేకప్ కుంచెతో, తీగకి అడ్డంగా కాక తీగ వెంబడే దులపాలి.