వరి ఆకు బ్లాకులో బొక్కలు, తెల్లచారలు: త్రీడీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరు వరి ఆకైనా, ఒంగోలు వైపు పొగాకైనా, సీరియల్ బ్లాక్-ఫేస్ మైక్రోస్కోపులో బొమ్మ చెడితే అందరూ ముందు మెషిన్‌నే అనుమానిస్తారు. మెషిన్ చేసేది ఒకటే పని. ఆకు ముక్కను రెజిన్‌లో (గట్టిపడే జిగురు ప్లాస్టిక్) పోసి చేసిన దిమ్మె, అంటే బ్లాకు, పైపొరను డైమండ్ నైఫ్‌తో 50 నానోమీటర్లో, 100 నానోమీటర్లో గీకుతుంది, బయటపడ్డ ముఖాన్ని ఫొటో తీస్తుంది, మళ్లీ గీకుతుంది. తప్పు చాలావరకు అంతకు వారం ముందే మన బల్ల మీద జరిగిపోయి ఉంటుంది.

కాబట్టి బ్లాకును హైదరాబాదుకో బెంగళూరుకో పంపేముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, అదే రెజిన్‌తో ఆకు ముక్క లేని ఖాళీ బ్లాకు కూడా పోసి, అదే ఓవెన్‌లో పెట్టాలి. రెండు, ఆకు ముక్క నడిమి నుంచి ఒక మైక్రాన్ మందం సెక్షన్ కోసి, టాలుయిడిన్ బ్లూ రంగు వేసి మామూలు మైక్రోస్కోపులో చూడాలి. అరగంట పట్టదు. ఇది ఎగ్గొట్టి, ఎన్నాళ్లో ఎదురుచూసిన స్లాటును పోగొట్టుకుంటున్నారు.

కణాల మధ్య ఖాళీల్లో గుండ్రటి బొక్కలు

ఇది గాలి. ఫిక్సేటివ్‌లో (కణాలు చెడకుండా నిలిపే ద్రవం) ముక్క మునిగిందా, తేలిందా? తేలితే ముందుకు పోవద్దు. ముక్క ఒక మిల్లీమీటరుకు మించకూడదు. వరి ఆకు మీద మైనం ఉంటుంది కాబట్టి ఫిక్సేటివ్‌లో 0.05 శాతం ట్వీన్-20 (సబ్బులాంటి ద్రవం) కలపండి. పది నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి, నెమ్మదిగా గాలి వదలండి. అన్ని ముక్కలూ అడుగుకు చేరేదాకా ఇలాగే మళ్లీ మళ్లీ చేయాలి.

ఆకు ఉన్నచోట బ్లాకు మెత్తగా ఉండటం, కణకవచం దగ్గర రెజిన్ ఊడిరావడం

ఇక్కడే ఖాళీ బ్లాకు పనికొస్తుంది. అది కూడా మెత్తగా ఉంటే తూకం తప్పింది, లేదా ఓవెన్ 70 డిగ్రీలకు చేరలేదు. ఇంకో రోజు ఓవెన్‌లో ఉంచి చూడొచ్చు. ఖాళీ బ్లాకు గోరు దిగనంత గట్టిగా ఉండి, ఆకు ఉన్నచోట మాత్రం సూది దిగుతుంటే అనుమానించాల్సింది నీటిని.

రెజిన్ ఎక్కించేముందు ముక్కలోని నీటిని అసిటోన్‌తో తీసేస్తాం కాబట్టి చాలామంది దీన్ని ఒప్పుకోరు. 'నూరు శాతం అసిటోన్ మూడుసార్లు మార్చాం కదా' అంటారు. సీసా మీద రాసింది కొన్నరోజు మాట. అసిటోన్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది. మన తీరంలో ఈశాన్య రుతుపవనం రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నాలుగుసార్లు మూత తీసిన సీసాను నమ్మడానికి లేదు. వృక్ష కణంలో ఎక్కువ చోటు రిక్తికదే (కణం లోపలి సంచి, వాక్యూల్), అందులో ఉన్నది దాదాపు నీరే. ఆ నీటిని బయటకు తేవాల్సిన అసిటోనే తడిగా ఉంటే రెజిన్ లోపలికి పోయినా సరిగ్గా గట్టిపడదు. స్పర్ అనే రకం రెజిన్‌లో గట్టిపరిచే ఎన్‌ఎస్‌ఏ (నోనెనైల్ సక్సినిక్ అన్‌హైడ్రైడ్) నీరు తగిలితే ఆమ్లమైపోతుంది, ఇక తన పని చేయదు.

తేమ ఇంకో రెండు దారుల్లోనూ వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రెజిన్ సీసాను చల్లగా ఉండగానే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. మూత పెట్టే ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవండి. రెండోది మరీ దొంగది: మిగిలిన అసిటోన్ ఎగిరిపోవాలని రాత్రంతా వయల్ మూత తీసి ఉంచడం. అసిటోన్ పోతుంది, తేమ వస్తుంది. ఆ పని సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) ఉన్న డెసికేటర్‌లోనే, అంటే గాలి చొరని మూత పాత్రలోనే, చేయాలి, అదీ జెల్ నీలంగా ఉన్నప్పుడే.

మందు ఇదీ. చివరి మూడు మార్పులకు కొత్త సీసా తెరవండి, లేదా 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ (నీటిని పీల్చే సన్న రంధ్రాల గుళికలు) మీద ఒక రోజు నిలవ ఉంచిన అసిటోన్ వాడండి. సీవ్‌ను ముందే 300 డిగ్రీల్లో మూడు గంటలు కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చాలి. అడుగున దిగిన దాని పొడి మాత్రం వయల్‌లోకి రాకూడదు. అది బ్లాకులో చేరితే డైమండ్ నైఫ్ అంచు విరుగుతుంది. అనుమానముంటే కాస్త అసిటోన్‌లో కాల్చిన తెల్ల కాపర్ సల్ఫేట్ వేయండి. నీలమైతే పారబోయడమే. తెల్లగానే ఉంటే మరీ తడిగా లేదని మాత్రమే అర్థం. రెజిన్‌ను 25, 50, 75, 100 శాతంగా, మెట్టుకు కనీసం ఎనిమిది గంటలిచ్చి ఎక్కించండి.

ఓవెన్‌లో పెట్టకముందే పట్టుకుంటే మళ్లీ పొడి అసిటోన్‌కు వెనక్కి తీసుకెళ్లొచ్చు. గట్టిపడ్డాక ఏమీ చేయలేం, కొత్త ఆకు కోయాల్సిందే.

తెల్లచారలు, బొమ్మ జరిగిపోవడం

చార్జింగ్, అంటే బ్లాకు మీద విద్యుదావేశం పేరుకోవడం. రిక్తికలోనూ కణాల మధ్య ఖాళీల్లోనూ ముక్కకు పట్టించిన లోహపు రంగు ఉండదు, ఉత్త రెజినే. ఎలక్ట్రాన్లు పోయే దారిలేక అక్కడే పేరుకుంటాయి. ఆకు చుట్టూ ఉన్న అదనపు రెజిన్‌ను చెక్కేయండి, బ్లాకును పిన్నుకు (మెషిన్‌లో బ్లాకును పట్టి ఉంచే లోహపు ముక్క) సిల్వర్ ఎపాక్సీ అనే వెండి కలిసిన జిగురుతో అంటించి పక్కలకు బంగారు పూత వేయండి. 2 కిలోవోల్టుల దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే ఛాంబర్‌లోకి కొంచెం నైట్రోజన్ వదలమని ఆపరేటర్‌ని అడగండి.

ప్రతి బొమ్మలోనూ అదే చోట నిలువు గీత

నైఫ్ కదిలే దిశలోనే గీత ఉంటే అంచుకు గాటు పడినట్టు. ముదురు వరి ఆకులో సిలికా ఉంటుంది, వజ్రపు అంచునైనా కొరికేస్తుంది. నైఫ్‌లో వాడని భాగానికి జరపండి. ఆకే కావాలంటే లేత ఆకు తీసుకోండి.

నల్లటి చుక్కలు చల్లినట్టుంటే లోహపు రంగు పట్టించేటప్పుడు వాడే థయోకార్బోహైడ్రజైడ్ ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టలేదన్నమాట. నేల అదురు, స్టేజి తేడాల వంటివి అరుదు. వాటిని ఆపరేటర్ చూసుకుంటారు.