మందారాకు చక్కెర చేసిందో లేదో చూడటం ఎలా?
ఆకు కణాల్లోని హరితరేణువులు (పచ్చదనాన్నిచ్చే చిన్న భాగాలు) ఎండ శక్తితో 6 కార్బన్ డయాక్సైడ్, 6 నీటి అణువుల నుంచి ఒక గ్లూకోజ్ (చక్కెర) అణువు తయారుచేస్తాయి. మిగులు చక్కెర అక్కడే పిండిగా (స్టార్చ్) నిల్వ ఉంటుంది. మనం పట్టుకునేది ఆ పిండినే.

మందార కుండీని 48 గంటలు చీకట్లో ఉంచండి. తొందరపడితే పాత పిండి మిగిలి ఫలితం తప్పుతుంది. ఆకు మధ్యలో నల్ల కాగితం చుట్టి, నీళ్లు పోసి, ఉదయం నుంచి 5 గంటలు ఎండలో పెట్టండి. హైదరాబాద్ మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు; నీరు చాలక పత్రరంధ్రాలు మూసుకుంటే గాలి లోపలికి వెళ్లదు.

ఆకు కోసి, కాగితం తీసి, మరిగే నీళ్లలో నిమిషం ముంచండి. స్టవ్ ఆర్పేశాకే స్పిరిట్ (ఆల్కహాల్) పోసిన గ్లాసును ఆ వేడినీళ్లలో పెట్టి ఆకు వేయండి, ఆవిరికి మంట ఇట్టే అంటుకుంటుంది. పచ్చదనం దిగి ఆకు పాలిపోయాక కడిగి, పలుచని అయోడిన్ చుక్కలు వేయండి. ఎండ తగిలినచోట నీలినలుపు, అంటే పిండి ఉంది; కాగితం కింద లేత గోధుమరంగు, అంటే పిండి లేదు.