గ్రామసభ పుస్తకంలో మురిగిపోతున్న పాత సూచనలను తేల్చడం ఎలా

గ్రామసభలో ఎవరో లేచి గోర్జికి (సందుకు) సిమెంటు రోడ్డు కావాలంటారు, ఇంకెవరో గెడ్డ (వాగు) మీద తూము అడుగుతారు. కార్యదర్శి రాసుకుంటారు, నాలుగు చేతులు లేస్తాయి, సభ ముగుస్తుంది. అవునని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. అయిదారేళ్లు పోయేసరికి అలాంటివి రిజిస్టరు నిండా పేరుకుంటాయి. అప్పుడు సాధారణంగా జరిగేవి రెండే. చేతులు తక్కువ లేచాయని అన్నిటినీ ఒక్క గీతతో కొట్టేస్తారు, లేదా ఏటా కొత్త పుస్తకంలోకి ఎక్కించి అలాగే మోస్తారు. మొదటి పద్ధతిలో చిన్న వాడలు నష్టపోతాయి. రెండోదానిలో అడగడమే దండగని జనం సభకు రావడం మానేస్తారు. ఒక్కో సూచననూ తీసి కారణం రాసి తేల్చాలి. పని విసుగ్గా ఉంటుంది గానీ కష్టమైనది కాదు.

దీనికి సెప్టెంబరు అనుకూలం. ఉభాలు (వరి నాట్లు) అయిపోయి ఉంటాయి, కోతలకు ఇంకా టైముంటుంది. పైగా పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం జరిగే సభలు ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. ఆలోగా పాత జాబితా శుభ్రం కాకపోతే అదే చెత్త ప్రణాళికలోకి వెళ్తుంది. కూర్చోవడానికి కార్యదర్శి, ఇంజినీరింగ్ అసిస్టెంటు, ఇద్దరు ముగ్గురు వార్డు సభ్యులు, మహిళా సంఘాల నుంచి ఒకరు చాలు. పదిమంది కూర్చుంటే అది ఇంకో సభ అవుతుంది, పని తెమలదు.

ముందు జాబితా రాయండి

పాత రిజిస్టర్ల నుంచి మూడేళ్లు దాటినవన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎత్తి రాయాలి. కంప్యూటరులో ఎక్కించుకున్నా ఒక కాగితం ప్రతి ఉండాలి, ఎందుకంటే రేపు దీన్ని గోడకు అంటించాలి. ఒక్కోదానికీ వరస నంబరు, తేదీ, అడిగింది ఏ వీధివాళ్లు, పని ఏమిటి, సరిగ్గా ఎక్కడ, ఎన్ని చేతులు లేచాయి, ఆ రోజు సభలో మొత్తం ఎంతమంది ఉన్నారు, ఆ పని వల్ల ఎన్ని ఇళ్లకు ఉపయోగం అన్నవి రాయాలి. చివరి రెండు గడులు పాత పుస్తకంలో దొరకవు. హాజరు సంతకాలు లెక్కపెడితే సభలో ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఇళ్ల లెక్కకు ఆ వార్డు సభ్యుడిని అడిగితే నోటితోనే చెబుతాడు.

‘రోడ్డు బాగు చేయాలి’ అని మాత్రమే రాసి ఉన్నవి కొన్ని తగులుతాయి. ఏ రోడ్డో ఎవరికీ తెలియదు. వాటిని ఊహించి పూరించకండి. అడిగినవాళ్లు ఊళ్లో ఉంటే కనుక్కోవాలి, లేకపోతే పక్కన ‘చోటు తెలియలేదు’ అని రాసి వదిలేయాలి.

చేతుల లెక్కను నమ్మే ముందు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చేతుల సంఖ్య ఆ రోజు సభలో ఎవరున్నారో చెబుతుంది తప్ప అవసరం ఎంతో చెప్పదు. పదకొండు గంటలకు సభ పెడితే ఉపాధి పనికి వెళ్లిన ఆడవాళ్లు ఉండరు. శ్రీకాకుళం తీరంలో మత్స్యకారుల పేటల్లో చాలామంది మగవాళ్లు గుజరాత్ బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. మిగతా పల్లెల నుంచీ విశాఖ, హైదరాబాదు, చెన్నై వలసలు ఉండనే ఉన్నాయి. 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి, మధ్యలో కరోనా వచ్చింది. ఆ రోజుల్లో వచ్చిన సూచనకు మూడు చేతులే ఉన్నాయంటే దాని అర్థం వేరు.

అందుకని చేతులను ఊరి మొత్తంతో కాకుండా ఆ పని ఎవరికి తగులుతుందో వాళ్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు 640 గడపల ఊళ్లో ముఖద్వారానికి రంగులు వేయాలని 70 చేతులు లేచాయి. గెడ్డ అవతల 11 ఇళ్ల వాడకు తూము కావాలని 9 చేతులు లేచాయి. మొదటిది తొమ్మిదిలో ఒక వంతు, రెండోది దాదాపు వాడంతా. మొత్తాలు మాత్రమే చూసే జాబితాలో తూము అట్టడుగున ఉంటుంది, ఏటా అక్కడే ఉంటుంది. వాన పడితే ఆ పిల్లలు బడికి వెళ్లలేరన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. ఒకే ఇంట్లోంచి అయిదు చేతులు లేస్తే అది ఒక ఇంటి కోరికే. ఎన్నికల ముందు ఒకే చేతిరాతతో వచ్చిన సంతకాల కాగితాలనూ అదే కన్నుతో చూడాలి.

ఒక్కోదాన్ని ఎక్కడ పడేయాలి

జాబితా చేతిలో పట్టుకుని ఊళ్లో ఒక మధ్యాహ్నం తిరగండి. కొన్ని అప్పటికే అయిపోయి ఉంటాయి, ఎవరూ పుస్తకంలో రాసి ఉండరంతే. అయితే ‘అయింది’ అని రాసే ముందు పని పూర్తయిందా, అడిగిన అవసరం తీరిందా అని రెండూ చూడాలి. వీధి కుళాయి కావాలన్న సూచన జల్ జీవన్ మిషన్‌లో ఇంటింటి కుళాయి రావడంతో తీరిపోయిందనుకుంటాం. ఆ పథకం లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు రావాలి. 15 లీటర్ల బిందె పెట్టి గడియారం చూడండి. నిండడానికి మూడు నిమిషాలు పడితే ఆ ఇంటికి 55 నిమిషాలు నీళ్లు రావాలి. అరగంటే వదులుతున్నారంటే 150 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. కుళాయి ఉన్నా సూచన తీరలేదు. మెరక మీద ఉన్న చివరి ఇంట్లో చూడాలి, ట్యాంకు పక్కింట్లో చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఒకే పనిని నలుగురు నాలుగు పేర్లతో అడిగినవి తర్వాత తీయండి. ‘రామందిరం వెనక గోర్జి’, ‘పాత రేషను కొట్టు సందు’ ఒకటే కావచ్చు. వీటిని కలిపి, చేతులు కూడి, ఒకే ఇంటివాళ్లు రెండుసార్లు రాకుండా చూసుకోవాలి. రెండు చేతులు, నాలుగు చేతులుగా చెల్లాచెదురైన సూచన కలిపాక పైకి వస్తుంది. తక్కువ మద్దతున్నవాటిలో కొన్ని నిజానికి ఇలా విడిపోయినవే. పాత నంబరును మాత్రం చెరపకండి, ‘41వ నంబరులో కలిపాం’ అని రాయండి.

పంచాయతీ చేతిలో లేనివి వేరు చేయాలి. వీధి దీపం పంచాయతీది, స్తంభమూ లైనూ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌వి. స్తంభమే లేకపోతే ‘దీపం కావాలి’ అన్న ఒక్క సూచన రెండుగా చీలుతుంది. వంశధార, తోటపల్లి కాలువల శివారు భూములకు నీళ్లు అందడం లేదన్నది జలవనరుల శాఖకు వెళ్లాలి. ఆర్టీసీ బస్సు కావాలన్నది డిపోకు వెళ్లాలి. కదలనివాటిని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు నంబరు పుస్తకంలో ఎక్కించాలి. నంబరు లేని ‘పంపాం’ను లెక్కలోకి తీసుకోకండి.

ఇక్కడ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. అంతకు ముందు శ్రీకాకుళం కలెక్టరుకు రాసిన కాగితాలకు ఇక జవాబు రాదు. ఆ నాలుగు మండలాల్లో ఆ తేదీకి ముందు ‘పంపాం’ అని ఉన్న ప్రతిదాన్నీ విజయనగరానికి మళ్లీ పంపాల్సిందే.

స్థలం చిక్కున్నవాటికి వీఆర్వో దగ్గర పటం చూడాలి. అడిగిన దారి ఎవరి పట్టా భూమిలోంచో వెళ్తుంటే ఆ రైతు ఒప్పుకుని రాసివ్వనిదే పని కాదు. చేతులు ఎన్ని లేచినా అంతే.

డబ్బు లేక ఆగినవాటిని ఇంకాస్త నిదానంగా చూడాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26కు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినవి. మిగతా 40 శాతమే ఊరి ఇతర అవసరాలకు. మురుగు కాలువ సూచనను రోడ్డుతో కలిపి రాసినందువల్ల అది రెండో పద్దులోకి పోయి, డబ్బు లేదని ఆగిపోయి ఉండవచ్చు. విడదీసి రాస్తే మొదటి పద్దులో చోటు దొరికేది. కాబట్టి ‘నిధులు లేవు’ అని ఉన్నచోటల్లా ఏ పద్దులో లేవో అడగండి.

చేతులు ఎన్నున్నా కొట్టేయకూడనివి

ప్రాణం మీదికి వచ్చేవాటికి చేతుల లెక్క వర్తించదు. వేలాడుతున్న కరెంటు తీగ, గోడ లేని బావి, బడి దారిలో తెగిన తూము, నీళ్ల నాణ్యత లాంటివి. ‘బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి’ అని ఒక్కరే అన్నా పరీక్ష చేయించాకే తేల్చాలి. తాగునీటి ప్రమాణం ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1, గరిష్ఠంగా 1.5. నైట్రేటు 45 దాటకూడదు. నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించవచ్చు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు లాంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడ నీళ్ల మీద వచ్చిన మాటను చేతులు చాల్లేదని పక్కన పెట్టడం అన్యాయం.

ఇవి పోగా మిగిలేవే నిజంగా మద్దతు లేనివి: ఎవరికీ తగలని కోరికలు, కాలం చెల్లినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పడిపోయిన చెట్లు తీయించమని అడిగినవి ఈ కోవలోకే వస్తాయి. వీటిని మొహమాటం లేకుండా మూయవచ్చు.

కారణం రాయడం

‘పరిశీలనలో ఉంది’ అన్న మాటను ఈ పుస్తకంలో వాడవద్దు. అది జవాబు కాదు, జవాబు ఇవ్వకపోవడానికి మర్యాదైన పేరు. ఒక్కో సూచన ఎదురుగా ‘అయింది’, ‘కలిపాం’, ‘పంపాం’, ‘ప్రణాళికలో పెట్టాం’, ‘చేయడం లేదు’ వీటిలో ఒకటి, దాని పక్కన ఒకే వాక్యంలో కారణం, తేదీ, సంతకం ఉండాలి. ‘చేయడం లేదు: దారి పట్టా భూమిలో ఉంది, యజమాని ఒప్పుకోలేదు’ అంటే అడిగినాయన ఏం చేయాలో ఆయనకే తెలుస్తుంది. కారణం రాయడానికి చేయి ఆడటం లేదంటే ఆ సూచన మూయడానికి ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఊరికి చూపించడం

మూయాలనుకున్న జాబితాను అక్టోబరు 2 సభలో చదవండి. వాడ పేరుతో మొదలుపెట్టి చదివితే జనం వింటారు, నంబర్లతో చదివితే లేచిపోతారు. విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో ఆ తర్వాత వాడలవారీగా కూర్చునే రోజును పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్లు, సిరిమాను ఉన్న సోమ, మంగళవారాల్లో పెట్టకండి. ఊళ్లో ఎవరూ ఉండరు.

అక్కడితో మూసేయకూడదు. వలస వెళ్లినవాళ్లు ఇంటికి వచ్చేది సంక్రాంతికి. భోగికి రెండు మూడు రోజుల ముందే జాబితా సచివాలయం గోడ మీద, రామందిరం దగ్గర అంటించి, టముకు వేయించి, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి. అభ్యంతరం ఉన్నవాళ్లు కనుమ లోపు వచ్చి నోటిమాటగా చెప్పినా రాసుకోవాలి. అర్జీ రాసి తెమ్మంటే సగంమంది వెనక్కి తిరుగుతారు. ఎవరూ మాట్లాడనివి జనవరి 26 సభలో తీర్మానం చేసి మూయండి. వలసవాళ్లు అప్పటికి తిరిగి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి వాళ్ల మాట సంక్రాంతి రోజుల్లోనే పుస్తకంలోకి ఎక్కి ఉండాలి.

మూసినదాన్ని మళ్లీ తెరవడానికి ఒక నియమం అదే తీర్మానంలో పెట్టండి. పరిస్థితి మారిందని చూపిస్తే, లేదా ఆ పని తగిలే ఇళ్లలో సగం అడిగితే తెరవాలి. కొత్త నంబరు ఇవ్వకుండా పాతదాని కిందే రాయాలి, అప్పుడే ఎన్నేళ్లుగా అడుగుతున్నారో కనిపిస్తుంది. సర్పంచి మారినప్పుడు, కార్యదర్శి బదిలీ అయినప్పుడు ఈ పుస్తకం తీర్మానాల పుస్తకంతో పాటు సంతకం తీసుకుని అప్పగించాలి. బీరువాలో విడిగా పెడితే కొత్తగా వచ్చినవాళ్లు మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు.