జంతువు ఆకారంలో ఉండే జపాన్ టీపాట్: ఎలా చూసి కొనాలి, ఎలా వాడాలి

జపాన్‌లోని మియె ప్రిఫెక్చర్‌లో యొక్కైచి అనే ఊరు బాంకో మట్టిపనికి పేరు పడింది. మెయిజీ కాలంలో (1868–1912) అక్కడి కుమ్మరులు తనుకి (కుక్కజాతి అడవి జంతువు), బాతు లాంటి ఆకారాల్లో చేత్తో టీపాట్లు చేసి విదేశాలకు పంపేవాళ్లు. ఇప్పటికీ అలాంటివి దొరుకుతాయి. కొనాలనుకుంటే ముందు బొమ్మను కాదు, కొమ్మును (టీ బయటికి వచ్చే గొట్టాన్ని) చూడండి.

షాపులో అయితే నీళ్లు పోసి చూస్తామని అడగండి. వంచినప్పుడు ధార సన్నగా, తిన్నగా పడాలి, ఆపగానే కొమ్ము కింద నుంచి చుక్క జారకూడదు. తర్వాత మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూసి వంచండి, మూత బాగా కుదిరితే ధార ఆగిపోతుంది. లోపల వడపోత రంధ్రాలు మట్టితోనే చేసి ఉంటే మంచిది, సన్నగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే సెంచా (జపాన్ గ్రీన్ టీ) ఆకులో సన్నటి తునకలు కూడా ఉంటాయి. జంతువు నోరే కొమ్ము అయితే లోపలికి చూడండి, ఇరుకు మూలలు ఎక్కువ ఉంటే కడగడం కష్టం.

కొత్త పాట్ కొమ్ము చివర ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చాలాసార్లు. అది దారిలో చిట్లకుండా పెట్టింది మాత్రమే, వెంటనే తీసేయండి. ఉంచితే దాని కింద తడి చేరి బూజు పడుతుంది.

ఇక టీ. ఇద్దరికి 5 గ్రాముల సెంచా, 200 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. మరిగే నీళ్లు నేరుగా ఆకు మీద పోస్తే చేదెక్కుతుంది కాబట్టి ముందు ఖాళీ పాట్‌లో పోయండి, అక్కడి నుంచి కప్పుల్లోకి వంచండి. ఒక్కో గిన్నె మారేసరికి సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది, కప్పులూ వేడెక్కుతాయి, కొలతా తెలిసిపోతుంది. ఖాళీ అయిన పాట్‌లో ఆకు వేసి, కాస్త ఆగి 70–80 డిగ్రీల దగ్గర కప్పుల్లోని నీళ్లు ఆకు మీద పోసి, ఒక్క నిమిషం మూత పెట్టండి, ఊపొద్దు. పక్కకి పిడి ఉన్న పాట్ అయితే పిడి పట్టుకుని బొటనవేలు మూత మీద ఆనించి, మొదటి కప్పులో కొంచెం, రెండో కప్పులో కొంచెం, మళ్లీ వెనక్కి, ఇలా మార్చి మార్చి పోస్తే రెండు కప్పుల్లో రుచి ఒకేలా ఉంటుంది. ఆఖరి చుక్క దాకా వంచేయండి, అసలు రుచి అందులోనే ఉంటుంది, పైగా నీళ్లు మిగిలితే రెండోసారి టీ పాడవుతుంది. రెండోసారికి నీళ్లు ఇంకాస్త వేడిగా, పావు నిమిషం చాలు.

గ్లేజ్ (గాజులాంటి నున్నటి పూత) లేని మట్టి వాసన పీల్చుకుంటుంది. అందుకే పాలు, అల్లం, యాలకులు దీనిలో వద్దు, దయచేసి. మన టీకి స్టీలు గిన్నె ఉంది కదా! స్టవ్ మీద పెట్టొద్దు, సబ్బూ వద్దు. ఆకు దులిపేసి వేడినీళ్లతో కడిగి, కొమ్ములోంచి కూడా నీళ్లు వెనక్కి పంపండి. చెవులు, తోక సందుల్లో మరక పడితే మెత్తటి టూత్‌బ్రష్ వాడండి. మూత తీసి బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. లోపల గ్లేజ్ ఉన్నదైతే కొంచెం సబ్బు పర్లేదు.

ఊరికి మోసుకొచ్చేటప్పుడు మూతను విడిగా చుట్టండి. చేత్తో చేసిన పాట్‌కి దాని మూతే సరిపోతుంది, అది పగిలితే ఇంకోటి కుదరదు.