విల్లో జెన్షియన్‌ను గింజ నుంచి పెంచడం

ఆల్ప్స్ మొదలు కాకసస్ దాకా కొండ అడవుల్లో, చెట్ల నీడన, తడి ఆరని నేలలో పెరిగే మొక్క ఇది. శాస్త్రీయ నామం జెన్షియానా అస్క్లెపియాడియా. రెండడుగుల కాడలు విల్లులా ఒంగుతాయి. వేసవి చివర్లో ఆకు మొదళ్ల దగ్గర ముదురు నీలం గొట్టం పూలు విచ్చుకుంటాయి. బ్రిటన్‌లోనో జర్మనీలోనో పెరడున్న తెలుగువాళ్లు నిక్షేపంగా పెంచుకోవచ్చు. హైదరాబాద్‌లో మాత్రం ప్రయత్నించకండి. వేసవి వేడికి తట్టుకోదు, గింజకు కావలసినంత చలీ అక్కడ దొరకదు.

అడవిలోంచి మొక్కను తవ్వి తేవద్దు. చాలాచోట్ల అది నేరం. పైగా లోతుకు దిగిన వేళ్లు తెగితే తిరిగి కోలుకోవడం కష్టం.

గింజ తాజాగా ఉండాలి, సగం గెలుపు అక్కడే. పాత గింజ మొలవదు, మొలిచినా ఒకటీ అరా. తోటలో మొక్క ఉంటే శరదృతువులో కాయ గోధుమరంగుకు తిరిగి కొన చీలుతున్నప్పుడు కోయండి. ఒక్క రోజు ఆలస్యమైనా దుమ్ములాంటి గింజలు గాలికి పోతాయి. మాగిన ఆకు ఎరువు రెండు పాళ్లు, తోట మట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపి కుండీ నింపి, గింజలను పైన చల్లి వేలితో మెల్లగా అదమండి. మట్టి కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగునుంచి తడి పీల్చుకోనివ్వండి.

చలికాలమంతా కుండీ ఆరుబయటే ఉండాలి. వసంతంలో విత్తేవాళ్లు గింజలను తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచి అప్పుడు చల్లాలి. ఈ చలి తగలకపోతే గింజ నిద్ర లేవదు.

నారు నత్తనడకన పెరుగుతుంది. రెండు జతల ఆకులొచ్చాక లోతైన కుండీల్లోకి మార్చి, మరుసటి వసంతంలో నేలలో నాటండి, మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరంలో. ఉదయపు ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండ సూటిగా పడితే ఆకుల అంచులు మాడతాయి. బొత్తిగా నీడైతే కాడలు వాలిపోతాయి, పూలూ తగ్గుతాయి. వేసవిలో నేల ఒక్కసారి ఎండిందా, మొగ్గలు రాలతాయి. ఏటా రెండంగుళాల ఆకు ఎరువు పరిస్తే ఆ బెడద తగ్గుతుంది.

పూత సాధారణంగా మూడో ఏడు మొదలవుతుంది. చలికాలంలో మొక్క పైకి కనబడకుండా పోతుంది, వసంతంలో ఆలస్యంగా లేస్తుంది. చచ్చిందనుకుని తవ్వేస్తారేమో, పక్కన ఒక కర్ర గుచ్చి పెట్టండి. లేత చిగుళ్లను నత్తలు రాత్రికి రాత్రే నాకేస్తాయి. చిగురు కనిపించిన రోజు నుంచీ చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఏరెయ్యాలి.